గాయకుడికి కాపరి ఎవరు?

గత నెలలో ఒక శనివారం సాయంత్రం. మరునాటి ఆరాధనకు పాటలు సరిచూసుకుంటున్న మా యౌవనస్థుల్లో ఒకడు ఫోను పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఈ పాట రేపు పాడమంటారా, తీసేయమంటారా?" అని అడిగాడు. న్యూస్‌బాయ్స్ బృందం పాడిన 'వి బిలీవ్' అది. విశ్వాస ప్రమాణానికి బాణీ కట్టినట్టు ఉంటుంది. మా ఇంగ్లీషు ఆరాధనలో చాలాకాలంగా పాడుతున్నదే. ఎందుకు తీసేయాలి అన్నాను. నేను వార్తల్లో వెనకబడ్డానని వాడి ముఖం చూస్తే తెలిసింది.

ఆ బృందంలో 2009 నుంచి ముఖ్య గాయకుడు మైఖేల్ టేట్. అంతకుముందు డీసీ టాక్ అనే ముగ్గురి బృందంలో ఒకరు. 1995లో వచ్చిన వారి 'జీసస్ ఫ్రీక్' ఆల్బమ్ క్యాసెట్టు సెమినరీ హాస్టల్లో మా గదుల దాకా వచ్చింది. 2025 జనవరిలో టేట్ ఉన్నట్టుండి న్యూస్‌బాయ్స్ నుంచి తప్పుకున్నారు. జూన్ మొదటి వారంలో అమెరికాలోని ఒక క్రైస్తవ పరిశోధక వార్తాసంస్థ, ఆయన తమ మీద లైంగికంగా దాడి చేశారని చెప్పిన కొందరు పురుషుల మాటలను ప్రచురించింది. కొద్ది రోజులకే టేట్ తానే ఒక ఒప్పుకోలు రాశారు. ఇరవై ఏళ్ల పాటు కొకైన్, మద్యం వాడానని, కొందరు పురుషులను వారికి ఇష్టం లేని రీతిలో తాకానని, రెండు వేర్వేరు జీవితాలు బతికానని. పెద్ద క్రైస్తవ రేడియో కేంద్రాలు ఆ పాటలు వేయడం మానేశాయి. మా కుర్రవాడి ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది.

ఈ మనిషి పాపాన్ని మన సంపాదకీయంలో విప్పి ఆరవేయడం నా ఉద్దేశం కాదు. ఆ పని ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువే జరిగింది. నిలబడ్డానని తలంచుకునేవాడు పడకుండ జాగ్రత్తపడాలని పౌలు కొరింథీయులకు రాసింది మనకూ వర్తిస్తుంది. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరు. ఇరవై ఏళ్లంటే ఎన్ని పట్టణాలు, ఎన్ని సంఘాలు, ఎన్ని వేదికలు! ప్రతిచోటా ఎవరో ఒక పాస్టరు ప్రార్థన చేసే వేదిక ఎక్కించి ఉంటాడు. ఇంతమంది ఆశీర్వదించిన మనిషికి, "తమ్ముడూ, నీ కళ్లు ఎందుకు అలా ఉన్నాయి?" అని అడిగే కాపరి ఒక్కడు లేకపోయాడా? ఉన్నా అడగలేకపోయాడా?

అడగలేకపోవడానికి కారణాలు ఉంటాయి. అవి తెలియాలంటే అక్కడ క్రైస్తవ సంగీతం వ్యాపారంగా ఎలా ఎదిగిందో కొంచెం చూడాలి. టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణంలో 1951లో వర్డ్ అనే చిన్న సంస్థ మొదలైంది. 1960ల చివర వీధుల్లో, సముద్రతీరాల్లో హిప్పీ యువత క్రీస్తు దగ్గరకు వస్తూ తమ గిటార్లను కూడా తెచ్చుకున్నారు. 1969లో లారీ నార్మన్ క్రైస్తవ రాక్ ఆల్బమ్ ఒకటి తెచ్చాడు. 1976లో స్పారో అనే కంపెనీ పుట్టింది. 1982లో ఏమీ గ్రాంట్ 'ఏజ్ టు ఏజ్' పది లక్షల ప్రతుల గుర్తింపు దాకా వెళ్లింది. 1991లో ఆమె 'బేబీ బేబీ' అమెరికా పాటలన్నిటిలో మొదటి స్థానానికి చేరింది. అది ప్రేమపాటే తప్ప కీర్తన కాదు. ఆ సంవత్సరం లోకంలోని పెద్ద కంపెనీలకు ఒక సంగతి అర్థమైంది, ఈ విశ్వాసుల దగ్గర కొనుగోలు శక్తి ఉందని. మరుసటి ఏడు, 1992లో, స్పారోను ఈఎంఐ కొన్నది. వర్డ్ చేతులు మారుతూ మారుతూ 2002లో వార్నర్ దగ్గరకు చేరింది. 2012లో ఈఎంఐ సంగీత వ్యాపారాన్ని యూనివర్సల్ కొన్నప్పుడు ఆ క్రైస్తవ విభాగం కూడా దానితోపాటే పోయింది.

కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. వ్యాపారి వ్యాపారం చేస్తాడు. వాటాదారుడికి మూడు నెలలకొకసారి లెక్క చెప్పాలి. ఆ లెక్కల మధ్య ఇరుక్కునేది గాయకుడు. ఫలానా తేదీకి ఆల్బమ్ రావాలి, ఇన్ని ఊళ్లలో కచేరీలు చేయాలి. వాయిద్యకారులు, బస్సు డ్రైవరు, సౌండు మనుషులు, ఆఫీసులో ఫోన్లు ఎత్తేవాళ్లు, అందరి ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క గొంతు మీదే. అలాంటి మనిషి ఒకరోజు లేచి, "నేను పడిపోయాను, నాకు సహాయం కావాలి" అంటే పాతికమంది జీతాలు ఆగిపోతాయి. అందుకే ఆ మాట నోట రాదు. చుట్టూ ఉన్నవాళ్లకు అనుమానం వచ్చినా అడగరు. ఇది ఒక్క మనిషి కథ కూడా కాదు. 1994లో మైఖేల్ ఇంగ్లిష్ అనే గాయకుడు డవ్ అవార్డుల రాత్రి ఆ ఏటి మేటి కళాకారుడిగా వేదిక ఎక్కి, కొద్ది రోజుల్లోనే వివాహేతర సంబంధం బయటపడి అవార్డులు తిరిగి ఇచ్చేశాడు. కంపెనీ వెంటనే చేతులు దులుపుకుంది. లాభం ఉన్నంతకాలం కుటుంబ సభ్యుడిలా చూసి, నష్టం రాగానే పరాయివాడిని చేయడం వ్యాపారానికి సహజం. సంఘం కూడా అదే చేయడమే బాధ.

ఈ ఒత్తిడిని ముందే పసిగట్టినవాళ్లు లేకపోలేదు. కీత్ గ్రీన్ గురించి మా గురువుగారు క్లాసులో చెప్పేవారు. ఆయన పాటలు బాగా అమ్ముడుపోతున్న రోజుల్లోనే, సువార్తకు వెల కట్టడం నా మనస్సాక్షికి ఒప్పడం లేదని కంపెనీని అడిగి ఒప్పందం నుంచి బయటికొచ్చాడు. ఇల్లు తాకట్టు పెట్టి 1980లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఎవరికి ఎంత చేతనైతే అంత ఇవ్వండి, లేకపోతే ఊరికే తీసుకోండి అన్నాడు. రెండేళ్లలో 2 లక్షలకు పైగా ప్రతులు పంపితే, అందులో 61 వేలు ఉచితంగానే వెళ్లాయి. 1982 జూలై 28న, 28 ఏళ్ల వయసులో, విమాన ప్రమాదంలో ఇద్దరు చిన్నపిల్లలతో సహా పోయాడు. నిజం చెప్పాలంటే ఆయన పద్ధతి అందరికీ సాధ్యం కాదు. పిల్లల ఫీజులు కట్టాల్సిన గాయకుడికి ఇల్లు తాకట్టు పెట్టమని సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవాడు రిచ్ మల్లిన్స్. ఈయన కంపెనీని వదల్లేదు. పాటలు అమ్ముడయ్యాయి, డబ్బు వచ్చింది. అయితే ఆ డబ్బు ఆయన చేతికి రాలేదు. తన సంఘ పెద్దల చేతికి వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఒక మామూలు అమెరికా కార్మికుడికి వచ్చేపాటి జీతం వాళ్లే ఆయనకు ఇచ్చి, మిగిలింది పరిచర్యలకు పంపేవారు. తాను మొత్తం ఎంత సంపాదిస్తున్నాడో చెప్పవద్దని కూడా వారిని కోరాడు. చివరి సంవత్సరాల్లో న్యూ మెక్సికోలో నవాహో ఆదివాసుల మధ్య ఉంటూ పిల్లలకు సంగీతం నేర్పాడు. 1997 సెప్టెంబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన పరిశుద్ధుడని చెప్పడం లేదు. మద్యంతో తనకున్న పోరాటాన్ని దాచుకోలేదు కూడా. కానీ ఆయనకు పెద్దలు ఉన్నారు. డబ్బు లెక్క తెలిసినవాళ్లు వేరు, పాడినవాడు వేరు. ఇదే తేడా.

మరి మన ఆదివారాలకు దీనితో ఏమిటి సంబంధం? గత ముప్పై ఏళ్లలో డబ్బు కచేరీ వేదిక నుంచి ఆరాధన వేదిక మీదికి నడిచొచ్చింది. దీనికో చిన్న చరిత్ర ఉంది. చికాగో కేథలిక్ పీఠం మీద ఒక పాటల ప్రచురణకర్త కేసు వేశాడు. తన పాటలను అనుమతి లేకుండా కాపీలు తీసి గుడులలో పాడుతున్నారని. 1984లో జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా చెల్లించమంది. అందులో పెద్ద భాగాన్ని పైకోర్టు తర్వాత కొట్టేసిందనుకోండి, కానీ అప్పటికే సంఘాలకు భయం పట్టుకుంది. 1988లో సీసీఎల్ఐ అనే సంస్థ మొదలైంది. సంఘం తన సైజును బట్టి ఏడాదికింత కడుతుంది, ఏయే పాటలు వాడిందో చెబుతుంది, ఆ లెక్క ప్రకారం రాసినవారికి, ప్రచురించినవారికి సొమ్ము వెళుతుంది. ఇది న్యాయమైన ఏర్పాటే. అయితే సంఘం నోరు విప్పి పాడిన ప్రతి పాటా ఆ రోజు నుంచి ఒక ఆదాయమార్గం అయింది. 2023లో అక్కడి పరిశోధకులు, 2010 నుంచి 2020 వరకు సంఘాలు అత్యధికంగా వాడిన 38 పాటలను పరిశీలిస్తే, 36 పాటలు నాలుగు పెద్ద సంఘాలతో సంబంధం ఉన్నవారివే అని తేలింది: హిల్‌సాంగ్, బెతెల్, ఎలివేషన్, ప్యాషన్. లోకంలో లక్షల సంఘాలు ఉంటే నాలుగు! వాటిలో కొన్నిటిని మన హైదరాబాదులో, విజయవాడలో, డాలస్ తెలుగు సంఘంలో తెలుగు చేసుకొని పాడుతున్నాం. పాటలు చెడ్డవని కాదు. కొన్ని నాకు చాలా ఇష్టం. కానీ సంఘం ఏమి పాడాలో ఎవరు ఎంచుతున్నారు అన్నది పాస్టర్లు అడగాల్సిన ప్రశ్న.

ఇక మన ఇంటి సంగతి. మన దగ్గర యూనివర్సల్ లేదు, వార్నర్ లేదు, అవార్డుల రాత్రి లేదు. అయినా ఒత్తిడి మాత్రం వచ్చేసింది, ఫోనులో నుంచి. క్యాసెట్ల కాలంలో పాట రాసిన పాస్టరుగారు అప్పుచేసి స్టూడియోకు వెళ్లేవారు. సినిమా గాయకుల చేత ఒకటి రెండు పాటలు పాడిస్తే క్యాసెట్టు కదులుతుందని ఆశ. సభల దగ్గర గోనెపట్టా పరిచి, దాని మీద క్యాసెట్లు పేర్చి అమ్మిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు అదే పాటకు కొండల మీద డ్రోన్ తిప్పాలి, కొత్త బట్టలు కుట్టించాలి, విడుదలకు ముందు ప్రోమో వేయాలి. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటల వరద. పాటలో సిలువ ఉన్నదా అని చూసేవారు తక్కువ, ఎన్ని వ్యూస్ అని చూసేవారు ఎక్కువ. ఒక యువ సహోదరి నాతో చెప్పుకొని ఏడ్చింది. పాట పెట్టిన రాత్రి నిద్రపోకుండా గంటకోసారి అంకె చూసుకుంటానని, అంకె కదలకపోతే దేవుడు తనను విడిచిపెట్టాడేమో అనిపిస్తుందని. ఆమె ఇరవై మూడేళ్ల పిల్ల. చక్కని గొంతు. సంఘంలో నలభైమంది ఎదుట పాడినప్పుడు రాని ఆ అనుమానం నలభై వేలమంది విన్న తర్వాత వచ్చింది.

మా సంఘానికి ఇంకో అనుభవం. నూరేళ్లు దాటిన ఒక పాత కీర్తనను, బయట దొరికిన సంగీతం ట్రాకు మీద పాడి, ఆరాధన ప్రసారంలో పెట్టాం. మరునాటికి నోటీసు వచ్చింది, ఆ ధ్వని ఫలానావారిదని. చట్టం ప్రకారం వారి మాట సరైనదే కావచ్చు. రికార్డింగు వారిది, మేము అడగకుండా వాడాం. అయినా ఆ నోటీసు చూసి నేను బీరువాలోంచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీశాను. ప్రతి కీర్తనకు పైన రాగం, తాళం, కింద చిన్న అక్షరాల్లో రాసినవారి పేరు. ఫోటో లేదు. వారిలో చాలామంది ముఖాలు మనకు తెలియవు. పురుషోత్తమ చౌదరిగారి పాటలు మన అవ్వలు చదువు రాకపోయినా నోటితో పాడుకున్నారు. వారు ఊరూరా నడిచి సువార్త చెప్పిన మనుషులు. వారి పాట నడిచిన తర్వాతే పేరు నడిచింది.

ఈ వరుసలు చదివి గాయకులందరినీ తప్పుపడుతున్నాననుకోవద్దు. సభలకు రమ్మంటే విమానం టికెట్టు, హోటలు గది, ముందుగా ఫోన్‌పే చేయమని అడిగేవారు ఉన్నారు. వాక్యం మొదలుకాకముందే కారెక్కి వెళ్లిపోయేవారూ ఉన్నారు. కానీ వారిని అలా తయారుచేసింది మేమే, పాస్టర్లమే. ఫ్లెక్సీ మీద గాయకుడి బొమ్మ పెద్దగా, వాక్యం చెప్పేవారి బొమ్మ మూలన వేయించింది మేమే. గ్రౌండు నిండాలని. నిండిన గ్రౌండు ఫోటో మా పేజీలో పెట్టుకోవాలని. అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథంలో ఒకచోట రాసుకున్నాడు, పాటలోని సంగతి కంటే పాడే గొంతే తనను ఎక్కువ కదిలించినప్పుడు అది పాపంగానే తోస్తుందని. అంత నిక్కచ్చిగా మనల్ని మనం పరీక్షించుకుంటే మన ఉజ్జీవ సభల్లో సగం ఆగిపోతాయేమో. యెహెజ్కేలు 33వ అధ్యాయం చివర్లో దేవుడు ప్రవక్తతో చెప్పిన సంగతీ అదే. జనం నీ దగ్గరకు వస్తున్నారు, ఇంపైన గొంతుతో పాడేవాడిని విన్నట్టు నిన్ను వింటున్నారు, చేయడం మాత్రం లేదు అని.

రెండో వైపు ఒకటుంది. అది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. మా సంఘంలో కీబోర్డు వాయించిన ఒక తమ్ముడు ఉన్నాడు. పదేళ్లు. శనివారం ప్రాక్టీసు, ఆదివారం రెండు ఆరాధనలు, క్రిస్మస్ కారల్స్‌కు రాత్రంతా వ్యాన్‌లో. అతనికి మేము ఇచ్చింది పండుగకు ఒక చొక్కా గుడ్డ, ప్లేటు బిర్యానీ. ప్రభువు పరిచర్య కదా అన్నాం. అదే సంవత్సరాల్లో బయటి గాయకుడికి ఒక్క రాత్రికి ఇచ్చిన కవరు ఎంతో పెద్దలకు, నాకు తెలుసు. తమ్ముడికి పెళ్లయింది, పాప పుట్టింది. శనివారాలు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆదివారం నిద్రకళ్లతో వచ్చేవాడు, తర్వాత రావడం తగ్గింది. లోకం వైపు తిరిగాడని ప్రార్థన కూటంలో అతని పేరు చెప్పి ప్రార్థించింది నేనే.

నెహెమ్యా 13వ అధ్యాయం నేను సెమినరీలో పరీక్షకు చదివాను, ఎన్నోసార్లు బోధించాను. ఈ నెల మళ్లీ చదివినప్పుడు పదో వచనం దగ్గర ఆగిపోయాను. నెహెమ్యా యెరూషలేముకు తిరిగి వచ్చేసరికి లేవీయులూ గాయకులూ మందిరం విడిచి ఎవరి పొలానికి వారు వెళ్లిపోయి ఉన్నారు. కారణం, వారికి రావలసిన భాగం వారికి ఇవ్వలేదు. అప్పుడు నెహెమ్యా గద్దించింది పొలానికి పోయిన గాయకులను కాదు, అధికారులను. ఆ తర్వాత గాయకులను పిలిపించి తమ తమ స్థలాల్లో నిలబెట్టాడు, నమ్మకమైన మనుషులను కొట్ల మీద ఉంచాడు. దావీదు కాలంలో ఆసాపు, హేమాను, యెదూతూను ఇంటివారు 288 మందిని పాటకు ఏర్పరచినప్పుడు కూడా ఆ సేవ ఊరికే నడవలేదు. అది మందిరపు లెక్కలో ఉన్న సేవ. పాడేవాడికి కూలి ఇవ్వడం లోకపు ఆలోచన కాదు. ఒకడికి లక్ష ఇచ్చి, ఇంకొకడికి బిర్యానీ పెట్టడం లోకపు ఆలోచన.

ఈ రెండూ ఒకే రోగానికి రెండు వైపులు అని నాకిప్పుడు అనిపిస్తోంది. పేరున్నవాడిని ప్రశ్నించం, పేరులేనివాడిని పట్టించుకోం. ఇద్దరికీ కాపరి లేడు. టేట్ విషయంలో అమెరికా సంఘాలు ఏమి చేయాలో చెప్పడం నా పని కాదు. మన దగ్గర మాత్రం, వచ్చే డిసెంబరుకు గాయకుడిని పిలవబోయే ప్రతి కమిటీ రేటు అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగవచ్చు: "మీరు ఏ సంఘ సభ్యులు? మీ పాస్టరుగారితో మాట్లాడవచ్చా?" ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకున్న సహోదరుడు ఒకడు నాకు తెలుసు. సంతోషించి వెంటనే నంబరు ఇచ్చిన సహోదరి కూడా తెలుసు. అలాగే పాట వల్ల వచ్చే డబ్బు లెక్క చూసే ఇద్దరు పెద్దలు, కుటుంబం కానివారు, ప్రతి పరిచర్యకూ ఉండాలి. మా పత్రికలో పాటల ప్రకటనలు వేస్తాం కదా, మమ్మల్ని కూడా అడగండి. జూలై నుంచి మేము ప్రకటన ఇచ్చినవారి పాటను అదే సంచికలో సమీక్షించడం మానేశాం. ఇంతకాలం చేశాం.

ఆ శనివారం ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 'వి బిలీవ్' రాసినవారు ఆ గాయకుడు కాదు, వేరే ముగ్గురు. దొనాతువాదులతో వాదించేటప్పుడు అగస్టీను చెప్పిన న్యాయం ప్రకారం, సేవకుడి అపవిత్రత వల్ల క్రీస్తు వరం చెడిపోదు. సెమినరీ జవాబు అది, తప్పు కాదు. కుర్రవాడు అంతా విని, "అయ్యగారూ, ఆ గొంతు వల్ల దెబ్బతిన్నవాడు ఎవరైనా రేపు మన గుడిలో కూర్చుంటే?" అన్నాడు. దానికి నా దగ్గర అగస్టీను లేడు. పాట పక్కన పెట్టాం. ఎన్నాళ్లని నిర్ణయించలేదు.

మా పెద్దల కూటం జూలై మొదటి వారంలో జరిగింది. వాయించేవారికి, సౌండు చూసే అబ్బాయికి నెలకింత అని సంఘం లెక్కలో రాశారు. బయటి గాయకుడికి ఇచ్చే కవరుకు పైపరిమితి పెట్టారు. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, గ్రౌండు ఖాళీగా ఉంటుందన్నారు. ఉండవచ్చు. ఆ మరునాడు నేను కీబోర్డు తమ్ముడి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ప్రార్థన కూటంలో అతని గురించి నేనన్న మాట అతనికి ఎప్పుడో తెలుసట. పాపను ఎత్తుకొని వింటూ కూర్చున్నాడు. శ్రావణం పెళ్లిళ్లకు ముందే మాట ఇచ్చేశానని, అవయ్యాక ఒక ఆదివారం వచ్చి చూస్తానని అన్నాడు.